భారతమ్మ భుజం

ఇప్పటికీ బూర్గంపాడు బస్సులో ఎవరో ఒకరు భారతమ్మ మాట ఎత్తుతారు. ఆడమనిషై ఉండి తుపాకి పట్టిందనీ, అడవిపందుల్ని గడగడలాడించిందనీ, మగాళ్లకు లేని గుండె ఆమెకు ఉందనీ చెప్పుకుంటారు. కిటికీ పక్కన కూర్చుని వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏం తెలుసని మాట్లాడతారు వీళ్లు? ఆ తుపాకిలో ఏం పోసి కూరేవాళ్లో వీళ్లకు తెలుసా? ఆ భుజాన్ని తడిమి చూశారా? నేను చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెను మెచ్చుకోవడానికి కాదు, నన్ను నేను వెనకేసుకురావడానికి అసలే కాదు.

నా పేరు ప్రమీలారాణి. మాది ఎర్రుపాలెం. నర్సు ట్రైనింగ్ అయ్యాక 1975లో నన్ను వేపలవాగులో వేశారు. బూర్గంపాడు నుంచి ఆరు మైళ్లు లోపలికి పోవాలి. ఊరి చివరి పొలంగట్టు దాటితే ఇక అడవే. రెండు గదుల దవాఖానా, ఒక బల్ల, ఒక అల్మరా, నేను. డాక్టరుగారు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరుండేది. సూది అంటే పారిపోయే మగవాళ్లను బజారులో నిలబెట్టి కడిగేసేదాన్ని. అలాంటి నన్ను నోరెత్తనివ్వని మనిషి ఆ ఊళ్లో ఒక్క భారతమ్మే.

ఆమె, ఆమె భర్త వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అడవి అంచున ఎనిమిదెకరాలు కొని, మోళ్లు పెరికి, రాళ్లు ఏరి పొలం చేసుకున్నారు. పిల్లల్లేరు. డెబ్భై ఏడులో, మొక్కజొన్న కంకి వేసే రోజుల్లో, వెంకటప్పయ్య మూడు రోజుల జ్వరంతో పోయాడు. మలేరియా మెదడుకెక్కింది. నా కళ్ల ముందే పోయాడు.

పదకొండో రోజు అయ్యాక ఆమె అన్న, గుడివాడ దగ్గర ఊరినుంచి వచ్చినవాడు, మూటాముల్లె సర్దుకోమన్నాడు. "మా ఇంట్లో నీకో ముద్ద కరువా?" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ అన్నగారి వంటింట్లో విధవ ఆడబిడ్డ బతుకు ఎలా ఉంటుందో భారతమ్మకు తెలుసు. ఆమె మేనత్త ఒకావిడ అలాగే పొయ్యి ముందు పుట్టి పొయ్యి ముందే పోయినట్టు బతికి పోయిందట.

"ఈ రాళ్లు నా చేత్తో ఏరాను అన్నయ్యా. నేను రాను," అంది.

"సరే, ఉండు. పందులు ఒక్క పంట నాకేస్తే నువ్వే వస్తావు," అని ఆయన బస్సెక్కాడు.

ఆ మాటే ఆమె గుండెల్లో గుచ్చుకుంది. ఆ తర్వాత ఆమె చేసిందంతా ఆ బస్సు ఎక్కకుండా ఉండటానికే.

మా దగ్గర పంటకు శత్రువు వాన కాదు, పంది. సాయంత్రం పొద్దు గూకేసరికి మంద దిగిందంటే తెల్లారేసరికి ఎకరం మొక్కజొన్న నేలమట్టం. డబ్బా కొడితే నాలుగు రోజులు భయపడతాయి, ఐదో రోజు నుంచి ఆ డబ్బా వాటికి సన్నాయి. వెంకటప్పయ్యకు పంట కాపుదల లైసెన్సు మీద ఒక తుపాకి ఉండేది. ఒకే గొట్టం, పన్నెండు బోరు. అర్జీలు పెట్టి, ఖమ్మం చుట్టూ తిరిగి, ఆరు నెలలకు భారతమ్మ దాన్ని తన పేరు మీదికి మార్పించుకుంది. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్లే పేల్చాలి. పొలం కాపలా ఉండే దేవ్లా అడవిలో పుట్టి పెరిగినవాడు, పక్క తండా మనిషి. కావాలంటే పేల్చగలడు. కానీ అతను ముట్టుకుంటే ఇద్దరూ స్టేషన్లో కూర్చోవాలి. కాబట్టి మంచె మీద తుపాకి ఆమెది, మంచె కింద జాడలు చూసే పని దేవ్లాది.

మొదటిసారి పేల్చిన మర్నాడు ఆమె నా దగ్గరకు వచ్చింది. రవికె జార్చి చూపిస్తే నేను అదిరిపోయాను. భుజం నుంచి మోచేయి దాకా మాగిన నేరేడుపండు రంగు. తుపాకి మడమ భుజం గుంటలో కాకుండా జబ్బ మీద పెట్టుకుందట. మోచేయి పైకెత్తితే చంక కనిపిస్తుందని సిగ్గట! పైగా నేత చీర మీద మడమ జారింది. తన్నిన తన్నుకు గట్టు మీంచి చాళ్లో పడింది.

"ఎందుకు మీకీ పాట్లు అక్కా? ఏదో కౌలుకిచ్చుకోండి," అన్నాను.

"అయొడెక్సు రాస్తావా, ఉపన్యాసం ఇస్తావా?" అంది. రాశాను.

పాల్వంచ బస్టాండు వెనక మక్సూద్ భాయ్ దుకాణం ఉండేది. స్టవ్వులు, తాళాలు, పైన గోడకు వేలాడుతూ తుపాకులు. ఆయన తండ్రీ తాతా అదే పని. ఈ చుట్టుపక్కల లైసెన్సు ఉన్న ప్రతి తుపాకీ ఆయన చేతిలోంచి పోవాల్సిందే. భారతమ్మ తుపాకి పట్టుకుని దుకాణం మెట్లెక్కితే ముందు నమ్మలేదట. తర్వాత స్టూలు వేసి కూర్చోబెట్టి, వేళ్ల మధ్య సీసపు రవ్వలు దొర్లిస్తూ చదువు చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

"చూడున్రి అమ్మగారూ. గీ ఆరో నంబరు ఆవాల లెక్క ఉంటది. అడవికోడికి, కౌజుకు. తూటల రెండొందలకు పైన పడ్తయి. గీ నాలుగో నంబరు మెంతుల లెక్క, కుందేలుకు. గిది ఎస్జీ. బఠానీ గింజంత. తొమ్మిదే పడ్తయి. పందికి గిదే. పందికి ఆవాలు కొడ్తె దురద పెట్టినట్టు ఉంటది, అంతే."

"అన్నిటికీ ఒకే తన్నా?" అని అడిగింది భారతమ్మ.

"అదే కదా కిరికిరి. సీసం బరువు పెరిగితె మందు పెరుగుతది, మందు పెరిగితె తన్ను పెరుగుతది. తుపాకి గుర్రం లెక్క అమ్మా. భయపడి లూజుగ పట్టుకుంటెనే తంతది. గట్టిగ గుంజి భుజానికి ఆనించున్రి, చెంప కుందాకు పెట్టున్రి, ఎడమకాలు ముందలకేసి మీద పడ్డట్టు నిలవడున్రి. కండ్లు మాత్రం మూయొద్దు."

ఆయన కుందా, అంటే భుజానికి ఆనే చెక్క, రెండంగుళాలు కోసి, సైకిల్ ట్యూబు రబ్బరు బిళ్ల బిగించి ఇచ్చాడు. ఆమె పాత బొంతలోంచి దూది తీసి చేతిబెత్తెడు దిండు కుట్టుకుంది. చీర మీద మడమ జారకుండా చనిపోయిన భర్త ఖాకీ చొక్కా తొడుక్కునేది. ఆ వేషంలో మంచె ఎక్కుతుంటే దేవ్లా భార్య జమ్లీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. భారతమ్మ కూడా నవ్వేది.

కానీ తన్ను తన్నే. యాభైకి దగ్గరపడిన, నలభై ఐదు కేజీల మనిషి. రోజు మార్చి రోజు పేల్చేది. భుజం మీద నలుపు పోకముందే ఇంకో నలుపు. పోనుపోను పేల్చే ముందే ఒళ్లు ముడుచుకునేది. కళ్లు మూసుకుని మీట నొక్కేది. తూటా ఆకాశానికి, పందులు పంటకు. కంటి కింద వాపు, చెంప మీద గీత. ఒకరోజు చూస్తే మెడ దగ్గర ఎముక మీద చిన్న గడ్డ తగిలింది. ముట్టుకుంటే ఆమె పెదవి కొరుక్కుంది. ఎముక సన్నగా చిట్లి ఉంటుందని నాకు అనుమానం.

"ఇంకో నెల ఇలా పేలిస్తే ఈ ఎముక రెండు ముక్కలవుతుంది," అన్నాను.

"పేల్చకపోతే నేను రెండు ముక్కలవుతాను. ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క అన్నయ్య వంటింట్లో," అంది. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం వస్తుంది, కోపం వస్తే ఏదో ఒకటి చేస్తాను. అదే నా రోగం.

ఆ ఆదివారం నేనొక్కదాన్నే పాల్వంచ బస్సెక్కాను.

"భాయ్, ఆమె తూటాల్లో మందు తగ్గించి పొయ్యి. ఆమెకు మాత్రం చెప్పకు. చెప్తే ఒప్పుకోదు," అన్నాను.

మక్సూద్ భాయ్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఇత్తడి తూటాలు కాబట్టి పేలినవాటినే మళ్లీ నింపేవాడు. మందు కొలవడానికి ఒక చిన్న ఇత్తడి చెంచా ఉండేది, వాళ్ల నాయన చేసింది. దాన్ని చేతిలో తిప్పుతూ అన్నాడు, "కొత్తగ నేర్చేటోళ్లకు మా అబ్బాజాన్ గట్లనే చేసేటోడు సిస్టరమ్మా. ముందుగాల తక్కువ మందు, భయం పోయినంక నెలకింత పెంచుకుంట పోవుడు. గని పందికి గది చాలదు."

"పందులు పారిపోయేది మోతకే కదా?"

"అవ్, మోతకే," అన్నాడు. తర్వాత నా ముందే ఆ చెంచా లాంటిదే ఇంకోటి తీసి, ఆకురాయితో అంచు రాకాడు. మూడోవంతు కరిగిపోయేదాకా రాకాడు. సీసం తొమ్మిది గుళ్లకు బదులు ఆరు. ఖాళీ కనిపించకుండా నడుమ అట్టబిళ్లలు దట్టించి, పైన మైనం పోశాడు. చూస్తే ఏ తేడా లేదు. "రెండు నెలలే సిస్టరమ్మా. తర్వాత పెంచుత," అన్నాడు.

పది రోజులు కాకముందే భారతమ్మ దవాఖానాకు పరుగున వచ్చింది. "చూడవే ప్రమీలా, నలుపు లేదు! మక్సూద్ చెప్పినట్టు గట్టిగా గుంజి పట్టాను. తన్నితే తన్నినట్టే లేదు. భుజం మొద్దుబారిందో, నేనే మొండిబారానో!"

ఆ ముఖం చూసి ఎవరైనా నిజం చెప్పగలిగితే వాళ్లకో దండం. నేను చెప్పలేదు. "మరి ఏమనుకున్నారు, మీదంటే ఇనప భుజం," అన్నాను. ఆ మాట నేనే పుట్టించాను. ఊరంతా అదే అనుకోవడం మొదలుపెట్టింది.

కళ్లు మూయడం మానేసింది. తూటా ఆకాశానికి పోకుండా పంది మీదికే పోవడం మొదలైంది. మోతకు మంద అడవిలోకి తిరిగేది. ఆ ఏడు పంట ఇంటికొచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. ఒక తెల్లవారుజామున దేవ్లా వెదురు బుట్టలో తన దీపకం కోడిని, అంటే అడవికోళ్లను రప్పించడానికి మచ్చిక చేసిన కోడిని, తీసుకెళ్లి పొదల పక్కన కాలికి తాడు కట్టి నిలబెట్టాడు. అది కూసింది. అడవికోడి మీసం మెలేసినట్టు మెడ నిక్కించి పోటీకి వచ్చింది. భారతమ్మ ఆరో నంబరుతో ఇరవై అడుగుల్లో దాన్ని పడగొట్టింది. ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి, విస్తరి వేసి, చాలు చాలు అంటున్నా వినకుండా తన కుడిచేత్తో ముక్క మీద ముక్క వేసింది. "తిను. ఇనప చెయ్యి వడ్డిస్తోంది," అంది. నేను తిన్నంత కమ్మటి కూర అదే.

ఎస్జీ తూటాలు మాత్రం ఒక్క పందినీ పడగొట్టలేదు. గురి తప్పుతోందని ఆమె అనుకునేది. దేవ్లా మర్నాడు పొద్దున ఆకుల మీద రెండు మూడు నెత్తుటి చుక్కలు చూసి వచ్చేవాడు. ఒకసారి దవాఖానాలో నా ముందే అన్నాడు, "అమ్మా, అయ్య పేల్చినప్పుడు సప్పుడు గుండెల దిగేది. ఇప్పుడు జర మెత్తగొస్తున్నదేంది?"

"అప్పుడు నువ్వు కుర్రాడివి, గుండె మెత్తన. ఇప్పుడు ముదిరావు," అంది ఆమె. దేవ్లా నవ్వి ఊరుకున్నాడు. నేను బల్ల మీద సీసాలు సర్దుకున్నాను.

మక్సూద్ రెండు నెలలే అన్నాడని చెప్పాను కదా. నిజం చెప్పాలి, ఆయన మర్చిపోలేదు. మూడుసార్లు అడిగాడు. ఆఖరుసారి ఎనభై ఒకటిలో, పాల్వంచ బస్టాండులో నన్ను చూసి దుకాణం దిగి వచ్చాడు. "సిస్టరమ్మా, పెంచుదమా ఇగ? ఊకె దెబ్బ తిన్న పంది మంచిది కాదు."

"ఈ పంట గడవనీ భాయ్. మొక్కజొన్న ఇంటికొచ్చాక పెంచుదువుగాని," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరూ కాదు.

ఆ భాద్రపదంలో, కంకులు పాలు పోసుకుంటున్న రోజుల్లో, పొద్దు గూకే వేళ ఒక ఒంటి పంది దిగింది. ఎద్దుదూడంత ఉందని తర్వాత భారతమ్మే చెప్పింది. పదిహేను గజాల్లో, అడ్డంగా నిలబడి ఉంది. ఆమె తొందరపడలేదు. ముందుకాలు వెనక, గుండె ఉండే చోట కొట్టింది. పంది కూలబడి, లేచి, వాగు పక్క పరికిపొదల్లోకి దూరింది. చీకటి పడింది కాబట్టి వెతకడం తెల్లారాకనే అనుకున్నారు.

తెల్లవారి నేను పాలకోసం వెళ్లేసరికి వాళ్లు గట్టు మీద ఉన్నారు. దేవ్లా చేతిలో గొడ్డలి ఉంది. పొదల వైపు చూస్తూ నిలబడ్డాడు, కదలట్లేదు.

"అమ్మా, జర ఎండ రానియ్యి. నలుగుర్ని పిలుద్దాం," అన్నాడు.

"ఎందుకురా? పదిహేను గజాల్లో తొమ్మిది గుళ్లు గుండెలో దించాను. రాత్రే చచ్చి ఉంటుంది. ఎండెక్కితే కంపు కొడుతుంది. పోయి చూసి రా. తల నీదే," అంది భారతమ్మ. వేటలో తల ఇవ్వడమంటే మా దగ్గర పెద్ద మర్యాద. పడగొట్టినవాళ్లకే దక్కుతుంది. తన మొదటి పంది తలను ఆమె అతనికిచ్చేస్తోంది. అంత సంతోషంలో ఉంది.

దేవ్లా నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు, ఆ తూటాలో తొమ్మిది లేవనీ ఆరే ఉన్నాయనీ, మందు మూడోవంతు తక్కువనీ. నోరు తెరిచి "ఆగు" అంటే చాలు. కానీ ఆగు అంటే ఎందుకు అని అడుగుతుంది. మూడేళ్ల అబద్ధాన్ని పొలంగట్టు మీద, దేవ్లా ముందు విప్పాలి. పంది చచ్చే ఉంటుందిలే అనుకున్నాను. ఊరందర్నీ తిట్టిపోసే నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు.

దేవ్లా పొదలోకి వంగాడు. కొమ్మలు విరిగిన చప్పుడు, ఒక కేక. పంది మమ్మల్ని దాటుకుని పొలం మధ్యగా పరుగెత్తి అడవిలో పడింది. దాని పక్కటెముకల మీద ఎండిన నెత్తురు ఉంది, అంతే.

కోర తొడ లోపలి వైపు దిగింది. నా చీర చెంగు చింపి కట్టాను, పిడికిలితో అదిమాను. నా వేళ్ల సందుల్లోంచి వెచ్చగా వస్తూనే ఉంది. ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కణ్నించి కలప లారీలో భద్రాచలం వైపు. గోదావరి బ్రిడ్జి కనిపిస్తోంది. భారతమ్మ ఒళ్లో అతని తల. "దేవ్లా, చూడు, వచ్చేశాం," అంటూనే ఉంది. బ్రిడ్జి ఎక్కకముందే నా చేతి కింద నాడి ఆగిపోయింది. ఆమెకు చెప్పడానికి బ్రిడ్జి దిగేదాకా నాకు ధైర్యం చాలలేదు.

పంచనామాలో పంది దాడి అని రాసుకున్నారు. తుపాకి నెల రోజులు స్టేషన్లో ఉంచుకుని ఇచ్చేశారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. భారతమ్మ మాత్రం తనను తాను అంది. "నా భుజమే వెనక్కి ముడుచుకుని ఉంటుంది. గురి తప్పి పక్కన తగిలి ఉంటుంది. లేకపోతే అంత దగ్గర్లో బతుకుతుందా?" పగలూ రాత్రీ అదే మాట. నేను విన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

కబురు తెలిసిన రోజే మక్సూద్ భాయ్ తూటాలు నింపడం మానేశాడు. చేతులు వణుకుతున్నాయన్నాడు. ఆమె వెళ్తే వట్టి చేతులతో పంపాడు. అందుకని ఆమె లైసెన్సు పట్టుకుని ఖమ్మం పోయి, కంపెనీ తూటాలు పెట్టె తెచ్చుకుంది. మిగిలిన పంటకు కాపలా ఉండాలి కదా. దేవ్లా లేడు, ఇక అన్నీ తనే.

ఆ సాయంత్రం మంచె దిక్కునుంచి మోత వినిపించింది. గుండెల్లో దిగే మోత. అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆమె తేలిక తన్నుకు అలవాటుపడింది. మడమను గట్టిగా గుంజుకోవడం, మీదపడి నిలబడటం ఎప్పుడో మర్చిపోయింది. ఆ దూది దిండు కూడా వాడటం మానేసింది. నేను పరుగెత్తేసరికి మంచె కింద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో చచ్చిన పక్షిలా పడి ఉంది. మెడ దగ్గర ఎముక చర్మాన్ని పైకి పొడుచుకుని కనిపిస్తోంది.

కేకలు లేవు, ఏడుపు లేదు. నా ముఖంలోకి చూసింది.

"ప్రమీలా, ఇది తన్ను. ఇదీ అసలు తన్ను. మా ఆయన పోయిన కొత్తలో తన్నింది ఇదే. మరి ఈ మూడేళ్లూ నన్ను తన్నిందేంటే?"

చెప్పేశాను. ఆమె చెయ్యి మెడకు కడుతూ చెంచా సంగతి, ఆరు గుళ్ల సంగతి, బస్టాండు సంగతి అన్నీ చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ముడి బిగించు," అంది అంతే.

పెద్దాసుపత్రికి పోయి ఎముక సరిగా కూర్చోబెట్టించుకోమంటే వినలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని తండాకు నడిచింది. జమ్లీ గుడిసె ముందు నేల మీద కూర్చుంది.

"జమ్లీ, నా తూటాలో దమ్ము లేదు. నా భుజం ఓర్చుకోలేదని తగ్గించి పోశారు. నాకు తెలీదు. తెలీక నీ మొగుణ్ని పంపాను," అంది.

జమ్లీ లేచింది. లోపలికి వెళ్లి, గుడ్డపీలికలో కట్టిన మూట తెచ్చి భారతమ్మ ఎడమచేతిలో పెట్టింది. విప్పితే మూడు సీసపు గుళ్లు.

"మాయనకు ఎరుకే అమ్మా," అంది జమ్లీ. "నిరుడు వాగుల సచ్చిన పంది దొరికితె కోసిండు. నీ గుండ్లు కొవ్వులనే ఆగినయంట, లోపలికి పోలె. అమ్మ తూటల దమ్ము లేదే అన్నడు. చెప్పు మరి అన్న నేను. చెప్తె అమ్మ భయపడ్తది, భయపడి ఊరిడిచి పోతది, మనకు దిక్కెవరన్నడు."

అప్పుడు అర్థమైంది నాకు ఆ గట్టు మీద చూపు. పంది బతికే ఉంటుందని అతనికి తెలుసు. తెలిసీ, ఆమెకు చెప్పలేక వంగాడు. నాకూ తెలుసని అతనికి తెలుసు; చప్పుడు మెత్తగొస్తోందని అన్నప్పుడు నేను సీసాల వైపు తిరగడం చూసే ఉంటాడు. నేనైనా నోరు తెరుస్తానేమోనని చూశాడు.

భారతమ్మ ఆ వారంలోనే తుపాకి స్టేషన్లో అప్పజెప్పింది. పందులు మిగిలిన పంటను నాలుగు రోజుల్లో ముగించాయి. ఆమె అరుగు మీద కూర్చుని చూసింది, డబ్బా కూడా కొట్టలేదు. పొలం సగం జమ్లీకి రాసిచ్చింది కానీ, పందులు తినే పొలం జమ్లీ మాత్రం ఏం చేసుకుంటుంది? రెండేళ్లకు అది మళ్లీ పరికిపొద అయింది. అన్నగారు వచ్చారు. ఈసారి ఏమీ అనలేదు. ఆమె తనే బస్సెక్కింది.

ఎనభై ఆరులో నేనొకసారి వాళ్ల అన్నగారి ఊరు వెళ్లాను. ఎముక వంకరగా అతుక్కుంది. కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. గరిటె పట్టినా వణుకుతుంది. ఎడమచేత్తో వడ్డించకూడదు కదా, అందుకని ఆమెను వంటింటి వైపు రానివ్వరు. వంటింట్లో మగ్గిపోతానని భయపడిన మనిషికి ఆ వంటిల్లు కూడా దక్కలేదు. వెనక వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మక్సూద్ ఎట్టా ఉన్నాడు?" అని అడిగింది.

"స్టవ్వులు బాగుచేసుకుంటున్నాడు. తుపాకులు ముట్టడం లేదు."

కాసేపు రాళ్లు ఏరింది. తర్వాత తలెత్తకుండానే అంది, "మీ మీద కోపం లేదే. మీరు నా మంచికే చేశారు. దేవ్లా కూడా నా మంచికే చేశాడు. కానీ ఒక్కటి ఆలోచించు. చెప్పి ఉంటే ఏమయ్యేది? భయపడేదాన్ని. ఆ భయమే ఉంటే ఆ పొద్దున వాణ్ని పొదలోకి పంపేదాన్నా?"

నేనూ ఆ బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టాను.

లోపల్నుంచి వదినగారు భోజనానికి పిలిచింది. నాకు విస్తరి వేసి ఆవిడే వడ్డించింది. భారతమ్మ గుమ్మం దగ్గర నిలబడి, కుడిచెయ్యి కొంగులో దాచుకుని, "ఇంకొంచెం వెయ్యి వదినా. చాలు చాలంటుంది కానీ తింటుంది," అని చెబుతూ ఉంది.